కోల్డ్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌లో తేదీలు ఒక రోజు వెనక్కి పోతున్నాయి: సర్వర్‌కూ బ్రౌజర్‌కూ మధ్య తేదీని ఎలా పంపాలి?

యార్డు_లెక్కలు (గుంటూరు):

సభ్యులందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఉన్న కోల్డ్ స్టోరేజీలలో ఒకదాని సాఫ్ట్‌వేర్‌ను ఈ సీజను నుంచి నేను చూసుకుంటున్నాను. వేరే వాళ్లు రాసి అప్పగించి వెళ్లిన ప్రాజెక్టు ఇది. సర్వర్ వైపు స్ప్రింగ్ బూట్ (జావా), డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, తెర వైపు రియాక్ట్ (జావాస్క్రిప్ట్) వాడారు. రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించిన తేదీ, రసీదు తేదీ, ఆ రసీదు తాకట్టు మీద బ్యాంకు ఇచ్చే రుణం గడువు తేదీ, రైతు పుట్టిన తేదీ, ఇవన్నీ గంటలూ నిమిషాలతో పని లేని తేదీలే. అయినా డేటాబేస్‌లో అన్నిటికీ టైమ్‌జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్ (తేదీతో పాటు గంటలు, నిమిషాలు కూడా ఉండే) కాలమ్‌నే పెట్టారు.

సర్వర్ ఆఫీసు గదిలో ఉన్నంత కాలం ఎవరికీ ఇబ్బంది రాలేదట. క్లౌడ్‌కు మార్చాక ఫిబ్రవరి 10న దించిన సరుకుకు రసీదులో ఫిబ్రవరి 9 అని పడసాగింది. అప్పుడు పని చేసినవారు, సర్వర్‌కు వచ్చిన ప్రతి తేదీకీ ఐదున్నర గంటలు కలిపి దాచేలా సర్దారు. దానితో చాలావరకు కుదురుకుంది గానీ మూడు చోట్ల ఇంకా తేడా వస్తోంది. డాలస్‌లో ఉంటూ లెక్కలు చూసే యజమాని గారి అబ్బాయికి ప్రతి రసీదూ ఒక రోజు వెనకటి తేదీతో కనిపిస్తోంది. సింగపూర్‌లో ఉండే కొనుగోలుదారు ప్రతినిధి నమోదు చేసిన తేదీలు డేటాబేస్‌లోనే ఒక రోజు తగ్గి నిలుస్తున్నాయి. మూడోది నాకు అసలు అంతుపట్టడం లేదు. ఇక్కడి కౌంటర్‌లో, అదే కంప్యూటర్ మీద నమోదు చేసినా, కొందరు వృద్ధ రైతుల పుట్టిన తేదీలు మాత్రమే ఒక రోజు తగ్గి పడుతున్నాయి. ఆధార్‌లో 1944 జూలై 1 ఉన్న రైతుకు మా రికార్డులో జూన్ 30 ఉండడంతో బ్యాంకువాళ్లు కాగితాలు తిప్పి పంపుతున్నారు. మిగతా రైతులకు ఏ తేడా లేదు.

ఈ ఐదున్నర గంటల సర్దుబాటునే ఇంకాస్త దిద్దాలా, లేక పద్ధతి మొత్తం మార్చాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

బెంజ్‌సర్కిల్_డెవ్ (విజయవాడ):

ఊహ మీద సలహా చెప్పడం కన్నా ముందు ఒక పని చేద్దాం. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఒక రసీదు సేవ్ చేసినప్పుడు సర్వర్‌కు వెళ్లే జేసన్‌లో (బ్రౌజర్, సర్వర్ మధ్య డేటా నడిచే పాఠ్య రూపం) తేదీ ఎలా ఉందో, తిరిగి వచ్చే జేసన్‌లో ఎలా ఉందో అక్షరం వదలకుండా ఇక్కడ పెట్టండి.

యార్డు_లెక్కలు (గుంటూరు):

క్యాలెండర్‌లో 2025 ఫిబ్రవరి 10 ఎంచుకుని సేవ్ చేశాను. వెళ్లేటప్పుడు 2025-02-09 అనీ, దాని పక్కన 18:30:00.000 అనీ, చివర యూటీసీని (ప్రపంచమంతటికీ ఆధారంగా తీసుకునే కాలమానం) సూచించే జెడ్ అక్షరమూ ఉన్నాయి. వచ్చేటప్పుడు మాత్రం 2025-02-10 అని తేదీ ఒక్కటే వస్తోంది. దాన్ని తెర మీద చూపించే ముందు కోడ్‌లో డేట్ ఆబ్జెక్ట్‌గా మారుస్తున్నారు.

కృష్ణలంక_జావా (విజయవాడ):

డాలస్, సింగపూర్ సంగతులు రెండూ మీరు పెట్టిన ఆ రెండు వరుసల్లోనే ఉన్నాయి. జావాస్క్రిప్ట్ డేట్ ఆబ్జెక్ట్ లోపల ఉండేది సంవత్సరం, నెల, రోజు కావు. 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క ఒక్కటే ఉంటుంది. అంటే అది ఒక క్షణం. మీ క్యాలెండర్ విడ్జెట్ ఫిబ్రవరి 10ని ఎంచుకున్నప్పుడు, ఆ బ్రౌజర్ ఉన్న ఊరిలో ఆ రోజు అర్ధరాత్రి ఏ క్షణమో దాన్ని తయారు చేస్తుంది. జేసన్‌గా మార్చేటప్పుడు అదే క్షణాన్ని యూటీసీలో రాస్తుంది. గుంటూరులో ఫిబ్రవరి 10 అర్ధరాత్రి అయ్యేసరికి యూటీసీలో ఇంకా ఫిబ్రవరి 9 సాయంత్రం ఆరున్నర. కనుక రైతు చెప్పిన తేదీ బ్రౌజర్ గడప దాటకముందే పోయింది. ఆఫీసు గదిలోని సర్వర్‌లో జావా డిఫాల్ట్ టైమ్‌జోన్ మనదే కాబట్టి ఆ క్షణాన్ని మళ్లీ మన అర్ధరాత్రిగా చదివి ఫిబ్రవరి 10 అని చూపింది. క్లౌడ్ యంత్రం ముంబయిలో ఉన్నా దాని గడియారం మామూలుగా యూటీసీలోనే ఉంటుంది. అందుకే మార్చిన రోజున బయటపడింది.

ఇక ఐదున్నర గంటలు కలపడం. పంపినవారు భారత కాలమానంలో ఉన్నారని ముందే అనుకుంటేనే అది పని చేస్తుంది. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంది కాబట్టి అక్కడి అర్ధరాత్రి యూటీసీలో ముందు రోజు 16:00. దానికి ఐదున్నర కలిపితే 21:30 అవుతుంది, తేదీ ఇంకా ముందు రోజే. మనకు తూర్పున ఉన్నవారు ఎవరు పంపినా ఇదే జరుగుతుంది. డాలస్‌లో ఫిబ్రవరి 10 అర్ధరాత్రి యూటీసీలో అదే రోజు 06:00, కలిపితే 11:30. తేదీ అదృష్టవశాత్తు మారలేదు. అంటే డాలస్ నుంచి వచ్చేది సరిగానే వస్తోంది, డాలస్‌కు వెళ్లేదే తప్పుగా కనిపిస్తోంది.

దానికి కారణం రెండో వరుస. 2025-02-10 అనే స్ట్రింగును (అక్షరాల వరుసను) డేట్‌కు ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా చదువుతుంది. అదే స్ట్రింగుకు టైమ్‌జోన్ లేకుండా గంటలు తగిలిస్తే మాత్రం స్థానిక సమయంగా చదువుతుంది. ఈ వింత నియమానికి ఒక చరిత్ర ఉంది. 2009 నాటి జావాస్క్రిప్ట్ ఐదో ప్రమాణం టైమ్‌జోన్ లేనిదంతా యూటీసీ అంది, 2015 ప్రమాణం అంతా స్థానికం అంది, అప్పటికే ఉన్న వెబ్‌సైట్లు దెబ్బతింటాయని 2016లో తేదీ ఒక్కటే ఉంటే యూటీసీ, గంటలు కూడా ఉంటే స్థానికం అని మధ్యేమార్గం పట్టారు. యూటీసీ అర్ధరాత్రి అంటే గుంటూరులో ఫిబ్రవరి 10 తెల్లవారుజామున ఐదున్నర, కాబట్టి ఇక్కడ ఎవరూ గమనించరు. డాలస్‌లో అది ఫిబ్రవరి 9 సాయంత్రం ఆరు.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది, వెంటనే చూసుకోండి. డాలస్‌లో ఆ ఫారం తెరిచినప్పుడు విడ్జెట్‌లో ఫిబ్రవరి 9 కనిపిస్తుంది. చాలా విడ్జెట్లు తమకు కనిపించే రోజును స్థానిక అర్ధరాత్రికి సర్దుకుంటాయి. అటువంటి చోట ఆయన ఫోన్ నంబరు ఒక్కటి దిద్ది సేవ్ నొక్కినా ఫిబ్రవరి 9 డేటాబేస్‌లోకి చేరుతుంది. మళ్లీ తెరిస్తే 8 కనిపిస్తుంది. సేవ్ చేసిన ప్రతిసారీ ఒక్కో రోజు తరుగుతూ పోతుంది.

లబ్బీపేట_22 (విజయవాడ):

ఇంత కష్టం అవసరం లేదని నా అభిప్రాయం. అన్ని సమయాలనూ యూటీసీలోనే దాచాలన్నది ఎప్పటి నుంచో అందరూ పాటించే నియమం. మేము సూర్యారావుపేటలోని ఒక క్లినిక్‌కు అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చేసినప్పుడు తేదీలను అర్ధరాత్రి బదులు యూటీసీ మధ్యాహ్నం పన్నెండుకు పెట్టి పంపాం. ఇటు ఐదారు గంటలు, అటు ఐదారు గంటలు జరిగినా రోజు మారదు. కాలమ్ మార్చనక్కరలేదు, ఏపీఐ (సర్వర్‌తో మాట్లాడే పద్ధతి) మార్చనక్కరలేదు, ఒక్క ఫంక్షన్ దిద్దితే చాలు. నడుస్తున్న సీజనులో ఇంతకన్నా పెద్ద మార్పు పెట్టుకోవడం మంచిది కాదు.

కృష్ణలంక_జావా (విజయవాడ):

లబ్బీపేట గారూ, యూటీసీ నియమం తప్పని ఎవరూ అనరు, అది క్షణాలకు సంబంధించిన నియమం. రసీదు ఏ క్షణాన ప్రింటు అయింది, బ్యాంకు డబ్బు ఎప్పుడు జమ అయింది, ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఇవి క్షణాలు, వీటిని యూటీసీలోనే దాచాలి. రైతు పుట్టిన తేదీ క్షణం కాదు. ఆయన గుంటూరులో ఉన్నా, కొడుకు దగ్గరకు డాలస్ వెళ్లినా అది జూలై 1గానే ఉంటుంది. క్షణం కాని దాన్ని క్షణంగా మార్చాలంటే లేని గంటను ఒకటి మనమే కల్పించాలి. తరువాత చదివేవాడు ఆ కల్పించిన గంటను తీసివేసే మార్గం కూడా తెలిసి ఉండాలి. మనకు వచ్చిన తంటా అంతా కల్పించేవాడూ తీసివేసేవాడూ ఒకే లెక్క పాటించకపోవడం వల్లే.

మధ్యాహ్నం పన్నెండు ఉపాయం అర్ధరాత్రి కన్నా మెరుగే, కాదనను. కానీ యూటీసీకి పన్నెండు గంటలు ముందున్న న్యూజిలాండ్‌లో ఆ క్షణానికి మరుసటి రోజు మొదలైపోతుంది. అక్కడి వేసవిలో తేడా పదమూడు గంటలు. మీ క్లినిక్‌కు అక్కడి నుంచి ఎవరూ రాకపోవచ్చు. నా అభ్యంతరం అంతకన్నా వేరే చోట ఉంది. రేపు ఈ ఏపీఐని వాడే కొత్త కుర్రవాడు 12:00 అని చూసి అది నిజంగా మధ్యాహ్నం పన్నెండుకు ఇచ్చిన అపాయింట్‌మెంటా, లేక తేదీ మాత్రమేనా అన్నది ఎలా తెలుసుకుంటాడు? ఒక చోట పన్నెండుతో, ఇంకో చోట అర్ధరాత్రితో దాచిన ఒకే తేదీని క్వెరీలో సమానమా అని అడిగితే కాదనే సమాధానం వస్తుంది.

పంపవలసింది 2025-02-10 అనే పది అక్షరాల స్ట్రింగు. రెండు దిశలలోనూ అదే పంపాలి. దీనికి ప్రమాణం కూడా ఉంది: 2002 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3339 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దీన్ని పూర్తి తేదీ రూపంగా నిర్వచించింది, ఏపీఐలను వర్ణించే ఓపెన్‌ఏపీఐలో డేట్ అనే ఫార్మాట్ దాన్నే సూచిస్తుంది. అక్షర క్రమంలో పేర్చినా కాలక్రమమే వస్తుంది.

పాత_గడియారం (గుంటూరు):

వృద్ధ రైతుల సంగతికి ఎవరూ సమాధానం చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. యార్డు_లెక్కలు గారూ, ఆ రైతుల జాబితా తీసి చూడండి. తేడా వచ్చినవారంతా 1942 సెప్టెంబరుకూ 1945 అక్టోబరు మధ్యకూ నడుమ పుట్టినవారే అయి ఉండాలి. 1941 అక్టోబరు నుంచి 1942 మే మధ్య వరకు పుట్టినవారు ఉన్నా అదే తేడా వస్తుంది.

భారత కాలమానం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా యూటీసీకి ఐదున్నర గంటలు ముందుంటుందని మనకు తెలుసు. ఆ రేఖ మన రాష్ట్రం మీదుగా కూడా పోతుంది. అయితే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గడియారాలను ఇంకో గంట ముందుకు జరిపారు. అప్పుడు తేడా ఆరున్నర గంటలు. ప్రపంచంలోని టైమ్‌జోన్ మార్పులన్నిటినీ నమోదు చేసే ఐయానా టైమ్‌జోన్ పట్టికలో ఆసియా/కోల్‌కతా కింద ఇది ఉంది, బ్రౌజర్లు ఆ పట్టికనే పాటిస్తాయి.

మీ ఉదాహరణనే తీసుకుందాం. 1944 జూలై 1 అర్ధరాత్రిని బ్రౌజర్ ఆరున్నర గంటల తేడాతో లెక్కించి యూటీసీలో జూన్ 30, 17:30 అని పంపుతుంది. సర్వర్‌లో ఉన్న సర్దుబాటు దానికి ఐదున్నరే కలుపుతుంది. 23:00 అవుతుంది, తేదీ జూన్ 30 దాటదు. సర్వర్ ఆఫీసులో ఉన్నప్పుడు ఈ తేడా రాకపోవడానికి కారణం, జావా కూడా అదే పట్టికను చూసి ఆరున్నర గంటలనే వెనక్కి లెక్కించడం. చేత్తో రాసిన ఐదున్నరకు యుద్ధం సంగతి తెలియదు.

యార్డు_లెక్కలు (గుంటూరు):

జాబితా తీశాను. తేడా ఉన్న ప్రతి పుట్టిన తేదీ మీరు చెప్పిన కాలంలోనే ఉంది. ఆ కాలంలో పుట్టి తేడా లేనివారు కొందరు కనిపిస్తే ఆరా తీశాను. వారి వివరాలు కౌంటర్‌లో టైపు చేసినవి కావు, ఎక్సెల్ నుంచి నేరుగా డేటాబేస్‌లోకి ఎక్కించినవి. అందులోనూ చాలా మందికి జూలై 1 ఉండడం చూసి మొదట సాఫ్ట్‌వేర్ లోపమేమో అనుకున్నాను గానీ, అది బడిలో చేర్చేటప్పుడు పంతుళ్లు వేసిన తేదీ అని మా గుమాస్తా గారు నవ్వారు.

అయితే పద్ధతి మొత్తం మార్చడమే మేలని తేలింది. జావా వైపు ఫీల్డులన్నిటినీ లోకల్‌డేట్‌గా (గంటలూ టైమ్‌జోనూ లేని తేదీ టైపు), డేటాబేస్‌లో కాలమ్‌లను డేట్‌గా మారిస్తే సరిపోతుందా?

గవర్నర్‌పేట_డీబీఏ (విజయవాడ):

సరిపోదు. ఇక్కడే చాలా మంది బోర్లా పడతారు. జావా 8తో 2014లో వచ్చిన లోకల్‌డేట్ ఈ పనికి తగిన టైపే, అనుమానం లేదు. కానీ జేసన్‌ను చదివే జాక్సన్ లైబ్రరీ లోకల్‌డేట్ ఫీల్డుకు మీ పాత రూపం, అంటే 2025-02-09 పక్కన 18:30 ఉన్న స్ట్రింగు వస్తే తిరస్కరించదు. జావాస్క్రిప్ట్ అలా పంపుతుందని తెలిసి ఉదారంగా గంటల భాగాన్ని కత్తిరించి ఫిబ్రవరి 9 అని తీసుకుంటుంది. ఏ ఎర్రరూ రాదు, ఏ లాగ్‌లోనూ కనిపించదు. సర్వర్ ఒక్కటే మార్చి తెర వైపు మార్చడం మరిచిపోతే ఇప్పుడున్న సర్దుబాటు కూడా పోయి, గుంటూరు తేదీలన్నీ మళ్లీ ఒక రోజు వెనక్కి వెళ్తాయి. కాబట్టి ఆ ఫీల్డుల మీద జేసన్‌ఫార్మాట్ అనొటేషన్ పెట్టి లీనియెంట్‌ను (ఈ ఉదారతను) ఫాల్స్ చేయండి. అప్పుడు గంటలతో వచ్చినదేదైనా ఎర్రర్‌గా తిరిగి వెళ్తుంది. నా దృష్టిలో ఈ మొత్తం మార్పులో అన్నిటికన్నా విలువైన వరుస అదే.

సర్వర్ నుంచి పంపేటప్పుడు జాక్సన్ లోకల్‌డేట్‌ను ఒక్కోసారి సంవత్సరం, నెల, రోజు మూడు అంకెల అరేగా (జాబితాగా) రాస్తుంది. స్ప్రింగ్ బూట్ ఆ అలవాటును ముందే ఆపి ఉంచుతుంది గానీ, ఎవరైనా ఆబ్జెక్ట్ మ్యాపర్‌ను సొంతంగా సృష్టించి ఉంటే మళ్లీ మొదలవుతుంది. వెతికి చూడండి.

పోస్ట్‌గ్రెస్ డేట్ కాలమ్‌లో గంటలు ఉండవు, టైమ్‌జోన్ ఉండదు, నాలుగు బైట్లు చాలు. డేటాబేస్ సంగతి అక్కడితో తీరింది గానీ దాన్ని చదివే డ్రైవర్లను కూడా ఒక కంట కనిపెట్టాలి. మీరు జావాలో ఉన్నారు కాబట్టి లోకల్‌డేట్‌గానే చదవండి, పాత జావా ఎస్‌క్యూఎల్ డేట్ టైపు జోలికి పోకండి, అది లోపల మళ్లీ మిల్లీసెకన్ల క్షణమే. సర్వర్ వైపు జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ వాడేవారు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, పోస్ట్‌గ్రెస్‌కు వాడే పీజీ లైబ్రరీ డేట్ కాలమ్‌ను కూడా సర్వర్ స్థానిక అర్ధరాత్రిగా డేట్ ఆబ్జెక్ట్ చేసి ఇస్తుంది. 1082 నంబరు టైపుకు (పోస్ట్‌గ్రెస్‌లో డేట్ టైపు నంబరు అది) పార్సర్ మార్చి స్ట్రింగుగానే తెచ్చుకోవాలి. ఒరాకిల్ డేటాబేస్ నుంచి వచ్చేవారికి ఇంకో హెచ్చరిక: అక్కడ డేట్ అనే టైపులో గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా ఉంటాయి.

బ్రాడీపేట_ఫ్రంటెండ్ (గుంటూరు):

తెర వైపు సంగతి నేను చెబుతాను. హెచ్‌టీఎంఎల్‌లో డేట్ టైపు ఇన్‌పుట్ వాడితే, వాడుకరికి రోజు-నెల-సంవత్సరంగా కనిపించినా, దాని వాల్యూ ఎప్పుడూ 2025-02-10 రూపంలోనే స్ట్రింగుగా ఉంటుంది. దాన్ని అలాగే జేసన్‌లో పెట్టి పంపండి. పక్కనే వాల్యూ‌యాజ్‌డేట్ అని ఒకటి ఉంటుంది, అది యూటీసీ అర్ధరాత్రి డేట్ ఇస్తుంది, దానితో మనకు పని లేదు.

డేట్ ఆబ్జెక్ట్ తప్ప మరొకటి తీసుకోని విడ్జెట్ అయితే, స్ట్రింగును హైఫన్ల దగ్గర విడదీసి సంవత్సరం, నెల, రోజు విడివిడిగా ఇచ్చి స్థానిక డేట్ చేయండి. నెలలు సున్నా నుంచి మొదలవుతాయి కాబట్టి ఒకటి తగ్గించాలి. తిరిగి తీసేటప్పుడు స్థానిక సంవత్సరం, స్థానిక నెల, స్థానిక రోజు ఇచ్చే గెట్ ఫంక్షన్లతోనే తీయాలి. ఏ తలుపున లోపలికి పంపామో ఆ తలుపునే బయటికి తేవాలి. స్థానికంగా చేసిన డేట్ మీద టు‌ఐఎస్‌ఓస్ట్రింగ్ పిలిచి మొదటి పది అక్షరాలు కోయడం ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనిపించే చిట్కా. డాలస్‌లో అది పని చేస్తుంది, గుంటూరులో చేయదు. రాసినవాళ్లు మనకు పశ్చిమాన ఉన్నవాళ్లు.

రసీదు మీద చూపించడానికి డేట్ ఆబ్జెక్ట్ అవసరమే లేదు, మూడు ముక్కలనూ తిరగేసి కలిపితే 10-02-2025 వస్తుంది. నిల్వ రోజులను, వడ్డీ రోజులను బ్రౌజర్‌లో మిల్లీసెకన్లు తీసివేసి 8,64,00,000తో భాగించి లెక్కిస్తుంటే అది కూడా మానిపించండి. అమెరికాలో మార్చి నెలలో గడియారం మార్చే రోజుకు ఇరవై మూడు గంటలే ఉంటాయి, భాగిస్తే ఒక రోజు పోతుంది. ఆ లెక్క సర్వర్‌లో రెండు లోకల్‌డేట్‌ల మధ్య చేస్తే ఈ గొడవ ఉండదు.

జావాస్క్రిప్ట్‌లోనూ ఇందుకు ప్రత్యేకమైన టైపు వస్తోంది. టెంపొరల్ అనే కొత్త భాగంలోని ప్లెయిన్‌డేట్‌లో గంటలూ టైమ్‌జోనూ ఉండవు. ఫైర్‌ఫాక్స్‌లో 2025లో 139వ వెర్షన్‌తో వచ్చింది. మీ కౌంటర్‌లోని పాత కంప్యూటర్లలో మాత్రం దాని మీద ఆధారపడకండి.

యార్డు_లెక్కలు (గుంటూరు):

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. ఇంకో సందేహం. కొత్త రసీదు తెరిస్తే దించిన తేదీ దగ్గర ఆ రోజు తేదీ దానంతటదే రావాలి. లారీలు రాత్రుళ్లు కూడా వస్తాయి. రాత్రి రెండింటికి దించిన సరుకుకు సర్వర్ ముందు రోజు తేదీ ఇస్తోంది. అది కూడా ఈ జబ్బేనా?

పంచాంగం_యాప్ (విజయవాడ):

దీనికి దగ్గరి చుట్టమే గానీ ఇది వేరే ప్రశ్న. ఇప్పటిదాకా మీరు మాట్లాడింది తేదీని తేదీగా చేరవేయడం గురించి. ఇప్పుడు అడిగింది ఒక క్షణం నుంచి తేదీని తీయడం గురించి. దీనికి ఊరు చెప్పకుండా సమాధానం లేదు. మేము తయారు చేసే పంచాంగం యాప్‌లో ఇది రోజూ ఎదురయ్యే విషయం. తిథి ముగిసే సమయం ప్రపంచమంతటికీ ఒకే క్షణం, కానీ చాలా పండుగలకు సూర్యోదయానికి ఉన్న తిథి ముఖ్యం కాబట్టి, అదే తిథి విజయవాడలో ఒక తేదీన, డాలస్‌లో ముందు రోజు తేదీన పడవచ్చు. మా యాప్‌లో పొరపాటు ఉందని అక్కడి నుంచి ఉత్తరాలు వస్తుంటాయి. రెండూ సరైనవే. అందుకే మేము తిథి ముగింపును యూటీసీ క్షణంగా దాచి, పండుగను మాత్రం ఊరు వారీగా తేదీ స్ట్రింగుగా పంపుతాం.

మీ సర్వర్‌లో లోకల్‌డేట్ నౌ అని ఖాళీగా పిలిచి ఉంటారు. అది యంత్రం టైమ్‌జోన్‌ను, అంటే యూటీసీని తీసుకుంటుంది. మనకు తెల్లవారుజామున ఐదున్నర అయ్యేవరకు దాని దృష్టిలో నిన్నటి రోజే. ఆసియా/కోల్‌కతా అని టైమ్‌జోన్ ఇచ్చి పిలవండి. యంత్రం టైమ్‌జోన్ మార్చే పని పెట్టుకోకండి, రేపు ఇంకో యంత్రానికి మారినప్పుడు మళ్లీ మొదటికి వస్తుంది. ఆ తేదీని బ్రౌజర్‌ను అడగడం కూడా సరికాదు. డాలస్‌లో కూర్చుని రసీదు తెరిచినా సరుకు దిగింది గుంటూరులో కాబట్టి గోదాము ఉన్న ఊరి తేదీయే రావాలి.

ఒక్క విషయం మీ గుమాస్తా గారిని అడగండి. రాత్రి పన్నెండు దాటి దిగిన సరుకును ఖాతా పుస్తకంలో ఏ తేదీ కింద రాస్తున్నారు? కొన్ని చోట్ల తెల్లారేవరకు వచ్చినదంతా ముందు రోజు లెక్కలోనే వేస్తారు. అది వ్యాపార నియమం, టైమ్‌జోన్ పేరుతో దాన్ని దిద్దకూడదు.

యార్డు_లెక్కలు (గుంటూరు):

అడిగాను. పన్నెండు దాటితే కొత్త తేదీయే వేస్తారట. కనుక టైమ్‌జోన్ ఇస్తే చాలు. మిగిలింది పాత డేటా. అన్నీ ఒకే రకంగా లేవు, సర్దుబాటుకు ముందు నాటి రసీదులు మళ్లీ ప్రింటు తీస్తే ఒక రోజు వెనక్కి వస్తున్నాయి.

గవర్నర్‌పేట_డీబీఏ (విజయవాడ):

కల్పించిన గంటలు ఇప్పుడు మీకు సాక్ష్యంగా పనికొస్తాయి. ముందు సెషన్ టైమ్‌జోన్‌ను యూటీసీకి మార్చండి. లేకపోతే పోస్ట్‌గ్రెస్ తన సెట్టింగు ప్రకారం గంటలు మార్చి చూపి మిమ్మల్ని తికమక పెడుతుంది. తరువాత ప్రతి తేదీ కాలమ్‌నూ గంట, నిమిషం వారీగా గుంపులు చేసి చూడండి.

18:30 ఉన్నవి సర్దుబాటుకు ముందు గుంటూరులో నమోదైనవి, వాటికి మరుసటి రోజు తేదీ వేయాలి. 00:00 ఉన్నవి సర్దుబాటు తరువాతివి, ఉన్న తేదీయే సరైనది. పుట్టిన తేదీలలో 17:30 గానీ 23:00 గానీ కనిపిస్తే అవి యుద్ధకాలంవి, 17:30వి సర్దుబాటుకు ముందువి, 23:00వి తరువాతివి, రెండిటికీ మరుసటి రోజే. 16:00, 21:30 సింగపూర్‌వి, వాటికీ మరుసటి రోజే. డాలస్‌వి సర్దుబాటుకు ముందైతే 05:00 లేదా 06:00, తరువాతైతే 10:30 లేదా 11:30 ఉంటాయి. వాటి తేదీ పైకి సరిగానే ఉంటుంది, కానీ అక్కడ ఫారం తెరిచి మళ్లీ సేవ్ చేసిన రసీదుల్లో తరిగిన రోజు ఏ గంటలోనూ కనిపించదు. వాటిని కాగితపు రసీదు పుస్తకంతో పోల్చడం తప్ప దారి లేదు. ఈ గుంపుల్లో దేనికీ చెందని గంట కనిపిస్తే ఊహించి దిద్దకండి, విడిగా తీసి పెట్టండి.

పాత కాలమ్‌ను దిద్దవద్దు, తీసివేయవద్దు. పక్కన కొత్త డేట్ కాలమ్ పెట్టి అందులో నింపండి. సీజను ముగిసి బ్యాంకు లెక్కలు సరిచూసుకున్నాకే పాతదాన్ని తొలగించండి.

లబ్బీపేట_22 (విజయవాడ):

నా పద్ధతికి నేను ఇంకా కట్టుబడే ఉన్నాను, కనీసం నడుస్తున్న చోట. అయితే కొత్తగా రాసేవాటికి స్ట్రింగే సులువని ఒప్పుకుంటున్నాను. ఒక చిన్న సందేహం. జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్‌కు పంపేటప్పుడు పత్రం తేదీని రోజు/నెల/సంవత్సరం క్రమంలో అడుగుతారు. అప్పుడు మన ఏపీఐలో కూడా అదే రూపం వాడితే ఒక మార్పిడి తప్పుతుంది కదా?

కృష్ణలంక_జావా (విజయవాడ):

తప్పుతుంది గానీ మన ఏపీఐని వాడే మరో క్లయింట్‌కు 10/02/2025 ఫిబ్రవరి పదా, అక్టోబరు రెండా అన్న అనుమానం వస్తుంది. డాలస్‌లో ఖాయంగా వస్తుంది. లోపల అంతటా సంవత్సరంతో మొదలయ్యే రూపమే ఉంచి, ఈ-ఇన్‌వాయిస్‌కు పంపే ఆ ఒక్క చోట తిరగేయండి. అక్కడా వాళ్లు తేదీని స్ట్రింగుగానే అడిగారన్నది గమనించండి, క్షణంగా కాదు. ఖాళీ తేదీకి ఖాళీ స్ట్రింగు కాకుండా నల్ (విలువ లేదనే గుర్తు) పంపాలని కూడా ఇప్పుడే ఒప్పందం చేసుకోండి.

యార్డు_లెక్కలు (గుంటూరు):

టెస్ట్ సర్వర్‌లో మార్పులు పెట్టాను. లీనియెంట్ ఫాల్స్ చేయగానే, మేము మరిచిపోయిన రెండు తెరలు ఎర్రర్లతో బయటపడ్డాయి: ఒకటి రుణం గడువు పొడిగించేది, ఇంకొకటి సరుకు పేరు మార్పు చేసేది. యుద్ధకాలపు పుట్టిన తేదీలు, డాలస్ తెర రెండూ ఇప్పుడు సరిగా ఉన్నాయి. టైమ్‌జోన్ మార్చి పరీక్షించడానికి ప్రతిసారీ కంప్యూటర్ గడియారం మారుస్తున్నాను, తేలిక మార్గం ఏదైనా ఉందా?

బ్రాడీపేట_ఫ్రంటెండ్ (గుంటూరు):

క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సెన్సర్స్ అనే ప్యానెల్ ఉంది, అందులో లొకేషన్‌ను మారిస్తే ఆ ట్యాబ్ టైమ్‌జోన్ కూడా మారుతుంది. ఆటోమేటిక్ టెస్టులను నోడ్‌లో నడిపిస్తుంటే టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇవ్వండి. ఒకసారి ఆసియా/కోల్‌కతాతో, ఒకసారి అమెరికా/షికాగోతో, ఒకసారి పసిఫిక్/ఆక్లాండ్‌తో నడపండి. డాలస్‌కు విడిగా పేరు లేదు, షికాగో కిందికే వస్తుంది. పుట్టిన తేదీ టెస్టులో 1944 జూలై 1ని తప్పక ఉంచండి.